పాత ఊరి కింద నేను కనిపెట్టిన చమురు

నా ఉద్యోగ జీవితంలో నేను ఒకే ఒక్కసారి చమురు కనిపెట్టాను. ఆ దెబ్బకు ఒక పెద్దమనిషి సగం కట్టిన తన ఇంటికి తానే దర్వాజలు ఊడదీసుకున్నాడు, ఒక ఊరు ఊరంతా ఒక పూట పొయ్యి వెలిగించలేదు, మా సార్ నా ముఖం చూడలేక నా చెప్పులతో మాట్లాడే స్థితికి వచ్చారు. ఇంతా చేసి అక్కడ ఉన్నదేమిటో ఇప్పుడే చెప్పను. చెప్తే మీరు నవ్వేసి వెళ్ళిపోతారు, నేను పడ్డ భయం ఎవరికీ అక్కరకు రాకుండా పోతుంది. ఇప్పటికీ బీడు భూమిలో ఒంటరిగా నడవాల్సి వస్తే, పట్టపగలైనా సరే, అడుగు వేసేముందు నేలను మడమతో ఒకసారి తట్టి చూస్తాను.

మాది గద్వాల. మా అబ్బాకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది. "మా పర్వీన్ భూమి లోపలికి చూసే చదువు చదివింది" అని మా అమ్మీ చుట్టాలందరికీ చెప్పుకునేది. దాంతో చుట్టాలు వచ్చి, బోరు ఎక్కడ వేస్తే నీళ్ళు పడతాయో చెప్పమని నన్ను చేలవెంట తిప్పేవాళ్ళు. నేను చదివింది అది కాదు. నేలను గట్టిగా ఒక దెబ్బ కొడితే ఆ వణుకు లోపలికి దిగి, ఒక్కో రాతి పొరకు తగిలి, కొంచెం కొంచెంగా పైకి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన వణుకును వినడానికి కింద మేకు, పైన చిన్న డబ్బా ఉండే జియోఫోన్లను నేలలో వరసగా గుచ్చుతాం. అవి విన్నదంతా కంప్యూటర్‌లో పేర్చి, లోపలి పొరల బొమ్మ గీస్తాం.

లావు పొరలు ఎవరికైనా కనిపిస్తాయి. తంటా అంతా పలచటి పొరతోనే. దాని పై అంచు నుంచి ఒక ప్రతిధ్వని, కింది అంచు నుంచి ఇంకొకటి వెంటవెంటనే వచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కలిసిన చోట ఒక్కోసారి రెండూ ఒకే గొంతై గట్టిగా పలుకుతాయి. పలచటి పొరలో దాక్కున్న చమురును ఆ గొంతును బట్టి పట్టుకోవచ్చు. దాన్ని పట్టుకోవడమే నా చదువు, నా కల, నా పొగరు కూడా.

నాకు మొదటి ఉద్యోగమిచ్చిన చమురు సంస్థ మమ్మల్ని కృష్ణ ఒడ్డుకు పంపింది మాత్రం చమురు కోసం కాదు. పాలమూరు రాళ్ళ కింద చమురు ఉండే ఆశ లేదని అందరికీ తెలుసు. లేదని రూఢి చేసుకుని, మ్యాపు మీద ఆ గీత పూర్తిచేసి రావాలి, అంతే. మా బృందానికి పెద్ద మూర్తి సార్. కాకినాడ మనిషి. మొదటి రోజే నన్ను పిలిచి, "ఏమ్మా పర్వీన్, ఇక్కడ మనకేమీ దొరకదు. దొరక్కుండా జాగ్రత్తగా పనిచెయ్యి" అన్నారు. చెప్పిన మాట వినే వయసు కాదు నాది.

మా గీత వీపనగండ్ల దాటి నది వైపు పోతూ ఒక పాత ఊరి మీదుగా వెళ్ళింది. డ్యాం నీళ్ళ కింద పోతుందని ఎప్పుడో లేపేసిన ఊరు అది. నిజానికి నీళ్ళు కింది వాడనే ముంచాయి. పైవాడ ఉన్న దిబ్బ మీదికి ఏ వానాకాలమూ ఎక్కలేదు. కానీ లేపేటప్పుడు అందరినీ లేపారు. వాళ్ళు తలుపులు, ద్వారబంధపు చౌకట్లు, వాసాలు అన్నీ విప్పుకుని బండ్ల మీద వేసుకుని, ఎగువన మెట్ట మీద కొత్త ఊరు కట్టుకున్నారు. దిబ్బ మీద మిగిలినవి మడమెత్తు మట్టి గోడలు, బూడిదరంగు మన్ను, ఎండ. పిట్ట కూడా అక్కడ వాలకుండా మీదుగా పోయేది.

జియోఫోన్లు గుచ్చడానికి కొత్త ఊరి నుంచే కూలీలు వచ్చారు. వాళ్ళకు ముందు నడిచేవాడు ఖాసీం మామ. నాతో ఆయన ఉర్దూ సలాము వరకే, ఆ తర్వాత ఇద్దరం హాయిగా తెలుగులోకి దిగేవాళ్ళం. మొదటి రోజు దిబ్బ ఎక్కగానే ఆయన ఒక చోట ఆగాడు. ముందు ఏమీ లేదు, గాలి తప్ప. ఆ గాలికేసి చూసి, "మస్తానోల్లం వచ్చినం" అన్నాడు. జవాబు కోసం ఆగినట్టు జరసేపు ఆగాడు. తరువాత తల వంచి, లేని దర్వాజలోంచి లోపలికి పోయాడు. తల ఎందుకు వంచాడంటే, ఒకప్పుడు ఆ దర్వాజ పొట్టిదట.

వెనక ఉన్నవాళ్ళూ అంతే. ఒక్కొక్కరూ తమ ఇంటి ముందు ఆగి ఇంటిపేరు చెప్పుకున్నారు. లేని వీధిలో వరసగా నడిచారు, లేని మూలల దగ్గర తిరిగారు, లేని అరుగులు కాలికి తగలకుండా పక్కకు జరిగారు. మాటల్లేవు. ఎండలో మనుషుల నీడలు గోడలు లేని ఇళ్ళ చుట్టూ మలుపులు తిరుగుతుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆఫీసరును కాబట్టి గొంతు పెంచాను.

"మామా, ఏడికి పోతున్నవ్? సీదా లైన్ల గుచ్చాలె."

"సీదా పోతే గోడ అడ్డమొస్తది బిడ్డా."

"ఏ గోడ?"

"రాములోల్ల గోడ."

చూశాను. జానెడు మట్టి. దాని మీద ఒక తొండ.

"దాటి పో మామా."

"ఒకరి ఇంట్లకెళ్లి ఎట్ల పోత? తొవ్వ ఉన్నది గద."

ఎంత చెప్పినా వినలేదు. నా తిన్నని గీత కాస్తా ఆ లేని వీధి వెంట వంకర్లు పోయింది, జియోఫోన్లన్నీ ఇంటింటి వాకిట్లో కుదురుకున్నాయి. నేను మాత్రం పట్టుదలగా సీదా నడిచాను, గోడల్లోంచి, పడకటిళ్ళలోంచి. చెప్పులతో వాళ్ళ వంటింట్లోకి వచ్చినట్టు చూశారు నన్ను. వచ్చింది నిజమే కదా, కానీ అప్పుడు నాకు అట్లా తోచలేదు.

మా దగ్గర ఒక బండి ఉంది. దాని కింద ఇనుప దిమ్మె. అది నేలను కొడుతుంది. కొట్టేటప్పుడు ఎవరూ కదలకూడదు, దగ్గకూడదు. అందరూ నిలబడిపోయారు. దిమ్మె పడింది. చప్పుడు లోపలికి దిగిపోయింది. అది పూర్తిగా అణిగాక దిబ్బ లోపలి నుంచి, మెల్లగా, "ఊఁ" అని వచ్చింది.

చెవుల్తో విన్నాను. అరికాళ్ళతో కూడా విన్నాను. కూలీలు ఎవరూ బెదరలేదు. ఖాసీం మామ ముఖం మాత్రం, ఇంటికి ఫోన్ చేస్తే ఎవరో ఎత్తినట్టు మెత్తబడింది.

"ఊరు పలుకుతున్నది" అన్నాడు.

"హవా మామా, గాలి" అన్నాను.

అప్పుడు ఆకు కూడా కదలడం లేదు. ఆకు కదలడానికి అక్కడ చెట్టూ లేదు.

ఇంకో దెబ్బకు సిద్ధమయ్యేసరికి తెర మీద ఒక జియోఫోను గీత వణకడం మొదలుపెట్టింది. టక్ టక్. ఆగింది. మళ్ళీ టక్ టక్. కూలీలందరూ నా కళ్ళ ముందే నిలబడి ఉన్నారు.

"మామా, గా డబ్బా ఎవరి వాకిట్ల ఉంది?"

"బాలమ్మవ్వ ఇంట్ల."

"ఆడ ఎవరున్నరు?"

"ఇంకెవరుంటరు. బాలమ్మవ్వే."

ఆ ఇంటికి కప్పు లేదు, తలుపు లేదు. అందులో అవ్వ ఉందట. నాకు వచ్చిన దువాలన్నీ వరసగా చదువుకుంటూ వెళ్ళాను. నడుమెత్తు నిలిచిన ఒక గోడ వెనక, చాపంత నీడలో, ఒక ముసలమ్మ కూర్చుని చిన్న ఇనుప రోట్లో ఆకువక్క దంచుకుంటోంది. ఎండాకాలమంతా ఆమె పొద్దున్నే కొత్త ఊరి నుంచి వచ్చి, పొద్దు వాలేదాకా తన పాత గడపలో కూర్చుని పోతుందట. నన్ను చూసి తలెత్తింది.

"ఏం బిడ్డా, గోడకెళ్లి వస్తివి?"

"అవ్వా, జర దంచుడు ఆపుతవా? మా మిషన్‌కు వినిపిస్తున్నది."

"నాకే వినిపియ్యదు. దానికి మంచిగనే వినిపిస్తున్నదే" అని రోలు పక్కకు పెట్టింది. తెర మీద టక్ టక్ ఆగిపోయింది, నా గుండెలో ఇంకాసేపు ఉంది.

ఆ మధ్యాహ్నం గుడారంలో కూర్చుని, విన్నదంతా పేర్చి బొమ్మ తీశాను. పాత ఊరి దిబ్బ కింద, లోతున, ఒక పలచటి గీత. చదునుగా, గట్టిగా, వరసలో ఒక్క జియోఫోను కూడా తప్పిపోకుండా ఒకే గొంతుతో పలుకుతోంది. దిబ్బ మొదలైన చోట మొదలైంది, దిబ్బ అయిపోయిన చోట తెగిపోయింది. పుస్తకాల్లో చదివిన పలచటి పొర, నాకోసమే ఇన్ని యుగాలు ఆగి, మొదటి ఉద్యోగంలోనే ఎదురొచ్చింది. ఏ రాతి పొరకైనా ఊరి హద్దులు ఎట్లా తెలుస్తాయి అనే ప్రశ్న మూడో తరగతి పిల్ల కూడా అడిగేది. నేను అడగలేదు.

మూర్తి సార్ మీటింగు పనిమీద వనపర్తి వెళ్ళారు. సార్ వచ్చేదాకా నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. సాయంత్రం చాయ్ తాగుదామని ఖాసీం మామ ఇంటికి వెళ్ళాను.

ఆ ఇంటి సంగతి మీకు చెప్పాలి. కొత్త ఊరికి వచ్చినప్పటి నుంచీ ఖాసీం మామ రేకుల కిందే ఉన్నాడు. చేతగాక కాదు. మళ్ళీ ఎవరో వచ్చి లేపుతారేమోనని గుండె ఒప్పక. ఊళ్ళో అందరూ స్లాబులు వేసుకున్నా ఆయన వేసుకోలేదు. ఈ ఏడాదే ఎట్లాగో ధైర్యం తెచ్చుకుని గోడలు లేపాడు, పాత ఊరి నుంచి మోసుకొచ్చిన చౌకట్లే నిలబెట్టాడు. ఎల్లుండి స్లాబు. సెంట్రింగ్ కర్రల మధ్య కూర్చోబెట్టి, సాసర్లో చాయ్ పోసిచ్చాడు.

"ఏంది బిడ్డా, మొకం వెలుగుతున్నది?"

"ఎవ్వరికి చెప్పకు మామా. మీ పాత ఊరి కింద చమురు ఉన్నది."

"ఆడనేనా?"

"ఈడి దాకా గూడ ఉండచ్చు" అన్నాను. అట్లా అనడానికి నా దగ్గర ఆధారం ఇసుమంతైనా లేదు. మాట బాగుందని అన్నాను.

"ఉంటే మమ్మల్ని లేపుతరా?"

ఇక్కడైనా ఆగాల్సింది. కానీ అడుగుతున్నది నన్ను, భూమి లోపలికి చూసే చదువు చదివినదాన్ని. "లేపినా గీసారి మంచి జాగ ఇస్తరు మామా" అని చెప్పి, చాయ్ బాగుందని కూడా చెప్పి వచ్చేశాను.

పొద్దున కూలీలు ఒక్కరూ రాలేదు. కొత్త ఊరికి వెళ్ళాను. ఏ ఇంట్లోనూ పొగ లేదు. మంచాలు వాకిళ్ళలోకి వచ్చాయి. ఒకరి బండి మీద అప్పుడే తిరగలి ఎక్కింది. ఎవరూ అరవడం లేదు, ఏడవడం లేదు, నన్ను తిట్టడం కూడా లేదు. ఊరంతా నిద్రలో నడుస్తున్నట్టు, తలుపులు విప్పే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఖాసీం మామ గడ్డపారతో చౌకట్టు కదిలిస్తున్నాడు.

"ఏం చేస్తున్నవ్ మామా?"

"పోయినసారి ఆఖరి దినం దాంక ఆగినం. తొందరల పీకితే చౌకట్లు చీలినయ్. గీసారి ముందుగాల్నే తీసుకుంట."

"మామా, ఇంకా ఏం తేలలే. సార్ రానీ, చెప్తడు."

"సార్లు చెప్పేటియి మాకు కొత్తనా బిడ్డా" అన్నాడు, కోపం లేకుండా.

కోపంతో అని ఉంటే తట్టుకునేదాన్ని. సిగ్గుతో అక్కడ నిలబడలేకపోయాను. నా చమురు దిబ్బ దగ్గరే ఆగిపోయిందని, కొత్త ఊరిదాకా రాలేదని చూపించగలిగితే చాలనుకుని, తీసిన బొమ్మ చేతపట్టుకుని పాత ఊరికి పరుగెత్తాను.

మిట్టమధ్యాహ్నం. దిబ్బ మీద నా నీడ కూడా నా కాళ్ళ కిందికి దూరిపోయింది. నేను ఎవరి ఇంటిపేరూ చెప్పలేదు, దర్వాజలూ వెతకలేదు, నా మామూలు పద్ధతిలో గోడలు దాటుకుంటూ పోయాను. మొన్న ఖాసీం మామ తల వంచి పోయిన వాకిట్లో అడుగు పెట్టగానే కింది నుంచి "ఊఁ" అని వినిపించింది. బండి లేదు, దిమ్మె లేదు. నా అడుగుకే. వెనక్కి తిరిగి పారిపోదామని కాలు గట్టిగా ఊనాను. నేల పక్కకు ఒరిగింది, నేను లోపలికి పోయాను.

మెత్తగా పడ్డాను. పొట్టు, దుమ్ము, ఎన్నేళ్ళదో తెలియని గింజల వాసన. చుట్టూ గుండ్రటి గోడ, పైకి పోయేకొద్దీ సన్నబడి, పళ్ళెమంత ఆకాశం. పెద్ద కాగులో పడ్డ ఎలుకకు లోకం ఎట్లా కనిపిస్తుందో నాకు తెలుసు.

"ఎవరన్న ఉన్నరా?" అని కేకేశాను.

కేక గోడల వెంట తిరిగి ఆగిపోయింది. ఆగిపోయాక, నింపాదిగా, "ఊఁ" అని వచ్చింది.

నేను చదివిన చదువే ప్రతిధ్వనుల చదువు. అంత చిన్న గుంతలో ప్రతిధ్వని తిరిగి రావడానికి రెప్పపాటు కూడా పట్టదు. ఇది ఆలోచించుకుని వచ్చింది. అప్పుడు నేను చేసిన పని ఇంతవరకు మా సార్‌కు కూడా చెప్పలేదు. చేతులు కట్టుకుని, తల వంచి, "పర్వీన్‌ని. గద్వాల. గడియారాల దుకాణపోల్లం" అని చీకటికి చెప్పుకున్నాను.

కాసేపటికి పళ్ళెమంత ఆకాశంలో బాలమ్మవ్వ తల కనిపించింది.

"ఎవరింటికి వచ్చినవ్ బిడ్డా?"

"అవ్వా, ఇందాక ఊఁ అన్నది నువ్వేనా?"

"నేనిప్పుడే వస్తి గద."

దాని మీద ఇంకేమీ అడగలేదు. కొన్ని విషయాల్లో శాస్త్రవేత్త కూడా తెలుసుకోకుండా ఉండటం మంచిది.

నా అదృష్టమో దురదృష్టమో, మూర్తి సార్ ఒక రోజు ముందే తిరిగొచ్చి నన్ను వెతుక్కుంటూ అటే వచ్చారు. ఆయనా డ్రైవరూ కలిసి జియోఫోన్ల కేబుల్ లోపలికి వదిలారు. కేబుల్ తెగితే పైవాళ్ళకు ఏం జవాబు చెప్పాలో గుర్తొచ్చి సార్ ఒక్క క్షణం ఆగడం నాకు కింది నుంచి స్పష్టంగా కనిపించింది. తరువాత లాగారు. బయటపడి కూర్చున్నాక, సార్ ఆ గుంతలోకి తొంగి చూశారు.

"ఏమిటమ్మా ఇది?"

"పాతర" అంది బాలమ్మవ్వ. "జొన్నలు పోసేటోల్లం. మీద బండ పెట్టి, మన్నుల పేడ కలిపి మెత్తితే లోపలికి గాలి గూడ పోదు."

"ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి?"

"ఇంటికొకటి. పెద్దిండ్లకు రెండు. అన్ని వాకిట్లనే."

సార్ జియోఫోన్ల వరస వైపు చూశారు. వాకిట్లో ఒకటి, వాకిట్లో ఒకటి, వాకిట్లో ఒకటి. తరువాత నా చేతిలో నలిగిపోయిన బొమ్మ తీసుకుని చూశారు. మా దిమ్మె దెబ్బకు కింద ఖాళీగా ఉన్న పాతర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోగాయి. వాటి మూతల మీదే కూర్చున్న జియోఫోన్లు ఆ మోతను విన్నాయి. ఆలస్యంగా వచ్చింది కాబట్టి అది ఎంతో లోతు నుంచి వచ్చిందని నా కంప్యూటర్ నమ్మింది, దాన్ని నేను నమ్మాను, నన్ను ఒక ఊరు నమ్మింది.

సార్ నా చెప్పుల వైపు చూశారు.

"నువ్వు చదివినవన్నీ ఉన్నాయి పర్వీన్. నేల కింద నిల్వ ఉంది. పలచగా ఉంది. పైన గాలి చొరని మూత ఉంది. పక్కన గట్టి గోడ ఉంది. పుస్తకంలో రాసినట్టే ఉంది" అన్నారు. "సరుకే వేరు."

తరువాత మెల్లగా, "ఊళ్ళో ఏం చెప్పావు?" అని అడిగారు. చెప్పాను. "వాళ్ళకు నువ్వే చెప్పాలి" అని జీపు ఎక్కారు.

ఖాసీం మామ ఇంటి ముందు చౌకట్లు మూడూ గోడకు ఆనించి ఉన్నాయి. ఊరు చుట్టూ మూగింది. నా బుర్ఖా నిండా పొట్టు.

"మామా, అది చమురు కాదు. మీ పాతర్లు మోగినయ్. నేను మీ పాతర్లనే పడ్డ."

ఆయన నా మాట వినలేదు. నా చేతి దగ్గర అంటుకున్న పొట్టు తీసి, నలిపి, వాసన చూశాడు. చాలాసేపు చూశాడు.

"పచ్చజొన్నలు" అన్నాడు. "గా బండ మా నాయిన పెట్టిండు." తరువాత నా వైపు తిరిగాడు. "చమురు ఉన్నదని నువ్వే చెప్తివి. లేదని నువ్వే చెప్తున్నవ్. ఏ మాట పట్టుకొని నేను స్లాబు ఎయ్యాలె?"

ఇంత చదివి, ఇన్ని యంత్రాలు మోసుకొచ్చి, ఒక మనిషి తన ఇంటి మీద కప్పు వేసుకోవచ్చా లేదా అన్నదానికి నమ్మదగ్గ ఒక్క మాట ఇవ్వలేకపోయాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. జవాబు బాలమ్మవ్వ చెప్పింది.

"ఖాసీం, రేపే స్లాబు ఎయ్యి. గీ బిడ్డ, గీ సారు, గీల్ల మనుషులంత వచ్చి తట్టలు మొయ్యాలె. లేపే బుద్ధి ఉన్నోల్లు తమ చేతుల్తోని కప్పు ఎత్తరు."

ఊరంతా సార్ వైపు చూసింది. సార్ గొంతు సవరించుకుని, "ఎన్ని గంటలకు రావాలి?" అన్నారు.

తెల్లవారేసరికి చౌకట్లు మళ్ళీ గోడల్లో నిలబడ్డాయి. ఖాసీం మామ బిస్మిల్లా అని మొదటి తట్ట నా నెత్తిన పెట్టాడు. సాయంత్రం దాకా మా బృందం మొత్తం వరసకట్టి మాలు అందించింది. కాకినాడ మూర్తి సార్ నెత్తికి తువ్వాలు చుట్టుకుని, చొక్కా సిమెంటు చేసుకుని, మేస్త్రీ చేత తిట్లు తింటూ తట్టలు మోశారు. స్లాబు గట్టిగా కుదురుకోవడానికి మా దిమ్మె బండి తెస్తానని డ్రైవరు ఉత్సాహపడితే ఊరు ఊరంతా కలిసి వద్దంది. మా సర్వే మొత్తంలో ఎవరికైనా పనికొచ్చిన రోజు అదొక్కటే.

స్లాబు దావత్‌లో నా ఆకులో ఖాసీం మామ స్వయంగా మాంసం వడ్డించాడు. వడ్డిస్తూ, పక్కనున్నవాళ్ళకు వినపడకుండా వంగాడు.

"బిడ్డా, నిజం చెప్పు. రేపు గీ ఇంటి కింద చమురు దొరికితే?"

"దొరికినా నీకు చెప్ప మామా."

ఆయన ముఖంలో ఎన్నేళ్ళ బరువో దిగడం చూశాను. "గదే కావాలె" అని ఇంకో ముక్క వేశాడు.

కాబట్టి, పాఠకులారా, మీ అందరి ఎదుటా, మా అబ్బా గడియారాల మీదా, నన్ను మింగి మళ్ళీ బయటికి వదిలిన ఆ పాతర మీదా ప్రమాణం చేస్తున్నాను. చౌకట్టు నిలబెట్టుకున్న ఏ మనిషి ముందూ నేల కింద ఏముందో ఇక జన్మలో నోరు విప్పను. మరీ నిలదీసి అడిగితే, జొన్నలని చెప్తాను.